తీర్థానికి ఎడమ చెయ్యి

నీలవేణి తీర్థానికి ఎడమ చెయ్యి చాపింది.

పూజారి ఉద్ధరిణి అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఉప్పల్‌లోని ఆ చిన్న గుడిలో వెనక ఉన్న వరుసంతా మెడలు సాచింది.

“థూ! ఏం పెంపకమే ఇది?” వరుసలోంచి సక్కుబాయి అనే ముసలామె గొంతెత్తింది. “దేవుని ముంగట ఎడమ చెయ్యి చాపుతవా? కుడిచేతికి ఏమొచ్చింది, రోగమా?”

ఆ రోజు ఆ గుడిలోనే నీలవేణికి పెళ్లిచూపులు. అబ్బాయి విక్రమ్‌కు నాచారంలో మందుల కంపెనీలో పని. తల్లి వెంకటనర్సమ్మ అతని పక్కనే ఉంది. పిల్ల చేతికి చిన్న లోపం ఉందని వాళ్లకు ముందే చెప్పారు. వినడం వేరు, పదిమందిలో చూడడం వేరు.

నీలవేణి తండ్రి గండయ్య ముసలామెతో వాదనకు దిగలేదు. పూజారికే నెమ్మదిగా చెప్పాడు.

“పుట్టుకతోనే గంతే పంతులూ. మోచేతికాడ రెండు బొక్కలు, అదే ఎముకలు, అతుక్కొనే పుట్టినయి. అరచెయ్యి మీదికి తిప్పాల్నంటే అండ్ల ఒక బొక్క దొర్లాలె. మా బిడ్డకు దొర్లదు. చెయ్యి వంగుతది, సాగుతది. వెల్లకిల మాత్రం తిరగదు.”

“అబ్బో, పెద్ద డాక్టర్ సాబ్!” సక్కుబాయి మూతి తిప్పింది. “అరచెయ్యి తిప్పరానిది అత్తింట్ల ఏం పని చేస్తది? పళ్లెం పట్టుకుంటె అన్నం కిందనే. ఇసొంటిదాన్ని ఏ ఖర్మ కాలినోడు చేస్కుంటడో!”

ఎవరో కిసుక్కున నవ్వారు. నీలవేణి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. గండయ్య విక్రమ్‌నే చూస్తున్నాడు.

విక్రమ్ ముందుకు వచ్చి నీలవేణి చేతి పక్కన తన ఎడమ చెయ్యి చాపాడు.

“పంతులుగారూ, ముందు ఆమెకు పొయ్యిన్రి. తర్వాత నాకు, ఇదే చేతిల.” ఆపైన వెనక్కి తిరిగాడు. “ఆ ఖర్మ కాలినోడు నేనే అవ్వా. సరిగ్గ సూస్కో.”

పూజారి ఇద్దరి చేతుల్లోనూ పోశాడు. అడక్కుండానే నీలవేణికి ఒక తులసాకు కూడా వేశాడు.

వెంకటనర్సమ్మ కొంగు నడుముకు దోపుకుంది. సక్కుబాయిని పైనుంచి కిందికి చూసింది.

“నీ రెండు చేతులు మంచిగనే తిరుగుతున్నయి గదా, ఏం ఫాయిదా? నోట్ల అంత పురుగులే. మా కోడలు ఏ చేత్తోనన్న తాగుతది. నీ అయ్య సొమ్మేం పోయింది? నడువ్!”

సక్కుబాయి తల దించుకుంది. తీర్థమైనా తీసుకోకుండా బయటికి నడిచింది. తగిలితే అంటుకుంటుందేమో అన్నట్టు జనం పక్కకు జరిగారు. ఆమె చెప్పులు వెతుక్కుంటుంటే కూడా ఎవరూ సాయం పట్టలేదు.

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కోసం తవ్విన గుంతలు దాటి ఇంటికి పోతున్న ఆటోలో, మనవరాలు నీలవేణి కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని సక్కుబాయి అంది: “ఇంతకుముందు వచ్చినోళ్లంత నా తిట్లకు తలకాయలూపి పోయిన్రు, గీ పిల్లగాడు నిలవడ్డడు బిడ్డా, ఇగ నీ పెండ్లికి నేను ఏం మొకం పెట్టుకొని వస్తనే?”