బోసి జాగా

“గిదేంది బాపూ, మొత్తం పూసలు అంటించినవ్!” కాలేజీకి ఆటో ఎక్కబోతూ రూప మొత్తుకుంది.

ధూల్‌పేట్‌లో గణపతులు చేసే మొగులయ్య, కూతురి కాలేజీ కోసం చేసిన, కరోనా వైరస్ ఒంటిమీదుండే స్పైక్ ప్రొటీన్ కొమ్ము బొమ్మను మురిపెంగా చూసుకున్నాడు. “నువ్విచ్చిన ఫొటోల అక్కడక్కడ బోసిగున్నది బిడ్డా. నిండుగ చేసిన.”

“ఆ పూసలంటే చక్కెర అణువులు బాపూ. మన కణాలతోనే చేయించుకొని వైరస్ పైన కప్పుకుంటది. ఒంట్లో కాపలా ఉన్నోళ్లు మనోడే అనుకొని వదిలేస్తరు.”

“మరెట్ల పట్టుకుంటరు?”

“బోసిగున్న కాడ!”

మొగులయ్య నాలుక్కరుచుకున్నాడు. దొంగకు తానే ముసుగు కప్పాడన్నమాట.

ఏ గణపతినీ బోసిగా సాగనంపని ఆ చేతులే ఎక్కువగా అంటించిన పూసలను గబగబా పెరికాయి.

“తీస్కపో. గీడ పట్టుకోమను!”