చెవిటి బాబాయ్

"మళ్ళీ చెప్పండమ్మా, సరిగ్గా వినపడలేదు."

హెడ్‌సెట్‌లో ఆ గొంతు వినగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఇవాళే రావాలా ఈ మనిషి! సరిగ్గా పరీక్ష రోజునే తన నెత్తిన కూర్చోవాలా!

విమానాశ్రయం టవర్‌లో, చుట్టూ అద్దాలున్న ఆ గదిలో, నేల మీది విమానాలకు దారి చెప్పడం ఆమె పని. దిగిన విమానం ఏ దారిన వచ్చి ఎక్కడ ఆగాలో, ఎగరబోయేది ఏ దారిన రన్‌వే దాకా వెళ్ళాలో ఆమే చెప్పాలి. పొరపాటున రెండింటిని ఒకే దారిలోకి ఎదురెదురుగా పంపిందా, ఇక అంతే సంగతులు. విమానానికి తనంతట తాను వెనక్కి నడవడం చేతకాదు. ట్రాక్టరొచ్చి తోసేదాకా అందరూ గుడ్లప్పగించి చూడాల్సిందే. అది కూడా, ముందే రెక్కా రెక్కా రాసుకోకుండా ఉంటే!

వెనక కుర్చీలో పరీక్ష తీసుకునే మేడమ్. ఒళ్ళో నోట్‌బుక్కు, చేతిలో పెన్సిలు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఒక్క విమానం కూడా తప్పుదారిలో కదలకూడదు. కదిలిందా, లైసెన్సు లేదు. పోయినసారి అలాగే పోయింది. ఈసారీ పోతే ఇంకో అవకాశం లేదు.

ఇంట్లో అమ్మయితే అప్పుడే వీధంతా చాటేసింది, "మా అమ్మాయి చెప్తే గానీ విమానం కదలదు" అని.

"ఎవరే, చెవిటి బాబాయేనా?" పక్క సీట్లోంచి స్నేహితురాలు గుసగుసలాడింది.

"ఇంకెవరు!" మైకు ఆపి పళ్ళు నూరింది.

చెవిటి బాబాయ్ అనేది టవర్లో కుర్రకారు ఆ పైలట్‌కి పెట్టిన పేరు. మనిషిని ఎవరూ చూడలేదు. నెలకు నాలుగైదు రోజులు వస్తాడు. వచ్చిన రోజు చుట్టుపక్కల ఊళ్ళకు తిరుగుతూ పొద్దస్తమానం దిగుతుంటాడు, ఎగురుతుంటాడు. ఉన్నట్టుండి మళ్ళీ చెప్పమంటాడు. పోనీ రేడియో బాగాలేదా అంటే, మిగతా పైలట్లందరికీ గంట కొట్టినట్టు వినపడుతుంది.

ఆమె కోపం దిగమింగి, అద్దంలోంచి బయటికి చూసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ముక్కముక్కగా చెప్పింది.

"ఆఁ, ఇప్పుడు బాగా వినపడింది. థాంక్సమ్మా."

విమానం కదిలింది.

పదకొండింటికి మళ్ళీ అదే గొంతు. "మళ్ళీ చెప్పండమ్మా."

మధ్యాహ్నం ఇంకో రెండుసార్లు.

"చెవుల్లో దూది పెట్టుకుని వస్తాడేమోనే" అంది స్నేహితురాలు. అంత కంగారులోనూ ఆమెకు నవ్వొచ్చింది.

నాలుగు కొట్టింది. మేడమ్ పెన్సిలు పక్కనపెట్టి, పెన్ను తీసి సంతకం చేసింది.

"ఒక్కటీ తప్పుదారిలో కదల్లేదు. పాసయ్యావమ్మాయ్!"

గదంతా చప్పట్లు. స్నేహితురాలు ఆమెను కుర్చీతో సహా గిరగిరా తిప్పేసింది. అమ్మకు ఫోన్ చేస్తే, ఈవిడ హలో అనకముందే ఆవిడ "నాకు ముందే తెలుసు!" అని ఒకటే కేక.

ఆ ఊపులో మేడమ్ దగ్గరికెళ్ళింది.

"మేడమ్, ఆ చెవిటి బాబాయ్ మీద రిపోర్టు రాసేస్తాను. ఒక్కరోజులో నాలుగుసార్లు! ఆ చెవులతో విమానం నడపడమేంటి మేడమ్, అందరికీ ప్రమాదం కదా?"

మేడమ్ అదోలా చూసింది.

"రాయి. కానీ ఆధారం లేకుండా ఎలా రాస్తావ్? మన మాటలన్నీ రికార్డవుతాయిగా. కింద గదికెళ్ళి విని, టైముతో సహా రాసుకురా."

రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళింది. కాగితం, పెన్ను ముందేసుకుని కూర్చుంది.

మొదటిది, ఎనిమిదీ నలభైకి. తన గొంతు: "ఎడమవైపు రెండో దారిలో రండి."

"మళ్ళీ చెప్పండమ్మా, సరిగ్గా వినపడలేదు."

మళ్ళీ తన గొంతే: "ఎడమవైపు... మూడో దారిలో... రండి."

పెన్ను ఆగిపోయింది.

రెండో దారా? అయ్యో, రెండో దారిలో అప్పటికే పెద్ద విమానమొకటి ఎదురొస్తోంది! దాన్ని పంపిందీ తనే.

పదకొండింటిది పెట్టింది. ఆగమనాల్సిన చోట కదలమంది. అతను మళ్ళీ చెప్పమన్నాక ఆగమంది. మధ్యాహ్నానివీ అంతే.

నమ్మబుద్ధి కాక మొత్తం మొదట్నుంచీ వింది. రోజంతా అతనికి ఇరవై సార్లకు పైనే దారి చెప్పింది. సరిగ్గా చెప్పిన ఒక్కదాన్నీ అతను మళ్ళీ అడగలేదు.

ముందున్న కాగితాన్ని ఉండచుట్టేసింది. తర్వాత నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసొచ్చాయి. ఒక్క పరుగున మెట్లెక్కింది.

"మేడమ్, బాబాయ్ ఎక్కడ? ఒక్కసారి మాట్లాడాలి!"

మేడమ్ అద్దంలోంచి ఆకాశం చూపించింది.

"ఇందాకే ఎగిరాడు. నేల మీదున్నంతసేపే కదా మనతో మాట్లాడేది. ఇవాళ్టితో రిటైరవుతున్నాడు, ఇక రాడు."

"అయ్యో! థాంక్స్ అన్నా చెప్పలేదు..." ఆమె ముక్కు ఎగబీల్చింది. "తప్పు చెప్తున్నావని నేరుగా అనొచ్చుగా మేడమ్?"

"అంటే ఏమవుతుంది? నీ గొంతు వణుకుతుంది. ఆ వణుకుతో తర్వాతి విమానాలకూ తప్పే చెప్తావు. మళ్ళీ చెప్పమంటే మాత్రం ఓసారి బయటికి చూసి చెప్తావు. అలా చూసి దిద్దుకుంటావా లేదా అన్నదే పొద్దుట్నుంచీ నేను రాసుకుంటున్నది."

"అయినా నాలుగుసార్లు మేడమ్..." సిగ్గుతో తల దించుకుంది.

మేడమ్ పకపకా నవ్వింది.

"నాలుగేనా! నా పరీక్ష రోజున నన్ను తొమ్మిదిసార్లు అడిగాడు."