నాలుగో భాగంలో టీచరు

"ఆ టీచరు ఎవరు?" అన్నాడు ఇంగ్వార్, గది తలుపు వేసీ వేయకముందే.

హెల్వి చేతిలో కాఫీ కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

ఫిన్లండ్‌లో టుర్కు ఊరి గ్రంథాలయంలో వేదిక వెనక గది అది. ఇంకో ఇరవై నిమిషాల్లో అక్కడి సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఇంగ్వార్‌కి కొత్త నవలల వరసలో నాలుగో భాగానికి ఆ ఏటి మేటి నవల బహుమతి ఇవ్వబోతున్నారు. ఆయన స్వీడన్ రచయిత, వయసు డెబ్భై తొమ్మిది. పొద్దున్నే ఓడ దిగాడు. ఇరవై ఏడేళ్ళుగా ఆయన ప్రతి పుస్తకాన్నీ ఫిన్నిష్‌లోకి తెస్తున్నది హెల్వి.

"ఏ టీచరు?" అందామె.

"నన్నడుగుతావేం? బయట సంతకాలు పెడుతుంటే ఓ పిల్ల వచ్చి, వచ్చీరాని స్వీడిష్‌లో, నాలుగో భాగంలో ముసలి టీచర్ని చదివి ఏడ్చానండీ అంది. దాని వెనకున్నవాడిదీ అదే మాట. నా నాలుగో భాగంలో టీచరూ లేదు, బడీ లేదు. వేరే గ్రహం వాళ్ళు దిగుతారు, సైన్యం ఎదురెళ్తుంది, ఉత్తరాది చలికి వాళ్ళు గడ్డకట్టి చస్తారు. అంతే."

"మొదటి భాగంలోనూ అంతే," అంది హెల్వి మెల్లగా. "మూడో భాగంలోనూ."

కిటికీ పక్కన కూర్చున్న బెనీటా యాలకుల బన్ను తినడం ఆపింది. బహుమతి తేల్చిన ముగ్గురిలో పెద్దది ఆవిడే. ఇంట్లో స్వీడిష్ మాట్లాడే కుటుంబం.

"నిన్న రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశాను ఇంగ్వార్ గారూ. ఫిన్నిష్‌లో సగం మీది కాదు."

"మరి బహుమతి దేనికి ఇస్తున్నారు?"

"మేం చదివినదానికి. ముగ్గురికి ముగ్గురం ఓటేశాం."

"నేను రాసింది చదివి ఉంటే?"

బెనీటా ఒళ్ళో పడ్డ పొడి దులుపుకుంది. "అడిగారు కాబట్టి చెబుతున్నాను. మొదటి వడపోతలోనే పోయేది. మీ పాత నవలలు చదివిన రోజుల్లో నాకు ఆకాశం వైపు చూడాలంటే భయం వేసేది. ఈ వరసలో దిగినవాళ్ళని చూస్తే జాలేసింది. పాపం, ఇంత దూరం వచ్చారు, చెయ్యడానికి పనేం లేదు."

ఇంగ్వార్ కుర్చీలో కూలబడ్డాడు.

"మీరూ మీరూ తేల్చుకోండి," అని ఆవిడ లేచింది. "వేదిక మీద నిజం చెబితే బహుమతి రద్దు. చెప్పకపోతే నేను ఏమీ చూడలేదు." తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

"ఇరవై ఏడేళ్ళు," అన్నాడు ఇంగ్వార్. "మీ భాషలో నాకు ఒక్క ముక్క రాదు. చూపు లేనివాడు చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నాను నిన్ను. నువ్వేమో నన్ను తీసుకెళ్ళి వేరే ఊళ్ళో దింపావు."

"మొదటి భాగం ఉన్నదున్నట్టే చేశాను. ముసలాయన పనైపోయిందని పేపర్లో రాశారు. అది మీకు పంపడానికి నాకు మనసొప్పలేదు. రెండో భాగంలో నాలుగు మాటలు సర్దాను. మూడో దాంట్లో ఓ అధ్యాయం. నాలుగో దానికి వచ్చేసరికి..."

"వచ్చేసరికి నా ఇంట్లో కాపురమే పెట్టేశావు. నా పరువు కాయమని నీకెవరు చెప్పారు?"

హెల్వి కప్పు కింద పెట్టింది. "తప్పే. వేదిక మీద చెప్పేయండి. నేను లేచి ఒప్పుకుంటాను. రేపట్నుంచి ఏ ప్రచురణకర్తా నాకు పనివ్వడు. ఈ పని తప్ప నాకు ఇంకోటి రాదు. అయినా ఒప్పుకుంటాను."

"చెబుతాను. చెప్పక ఊరుకుంటాననుకున్నావా?"

హాల్లోంచి కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అటే చూస్తూ అడిగాడు. "ఇంతకీ ఆ టీచరు ఏం చేస్తుంది?"

"ఊరంతా పారిపోతుంది. ఆమె బళ్ళోనే ఉండిపోతుంది. ఆ వచ్చినవాళ్ళలో ఒకడు తలుపు తోసుకుని లోపలికొస్తాడు. ఆలస్యమైంది, కూర్చో అంటుంది. పిల్లల బల్ల అది. వాడి మోకాళ్ళు పట్టవు. అయినా ఎలాగో ముడుచుకుని కూర్చుంటాడు. పేరేంటని అడుగుతుంది. వాళ్ళకి పేర్లుండవు. సాయంత్రానికి తనే వాడికో పేరు పెట్టి, పలక మీద రాయిస్తుంది. మర్నాడు పొద్దున బడి ముందు వాళ్ళు వరస కట్టి ఉంటారు. చేతుల్లో ఆయుధాలుండవు."

ఇంగ్వార్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

హెల్వి మళ్ళీ చెప్పింది. ఈసారి ఆయన ఆమె వైపు తిరిగి, పెదవులు కదుపుతూ విన్నాడు. కోపం దిగిందేమో అనుకుంది ఆమె. అడగలేదు.

రచయితకు బహుమతి, అనువాదకురాలికి పూలగుత్తి అక్కడి ఆనవాయితీ. హెల్వి పూలు ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఇంగ్వార్ మైకు ముందు నిలబడ్డాడు. పక్కన బెనీటా, ఆయన మాటల్ని ఫిన్నిష్‌లో చెప్పడానికి.

"ఈ పుస్తకం గురించి మీకో నిజం చెప్పాలి," అన్నాడు.

బెనీటా గొంతు తడబడింది. హెల్వి పూలు పక్క కుర్చీలో పెట్టి, ఒప్పుకోవడానికి లేచింది.

"ఆ టీచరు నా కల్పన కాదు. ఆమె మా అమ్మ."

బెనీటా ఆ మాటని ఫిన్నిష్‌లో చెప్పింది. తరవాత ముందు వరసలో నిలబడ్డ హెల్విని చూసి, ఆమె అందుకే లేచిందనుకుని, హాలంతా ఆ తల్లి గౌరవార్థం లేచి నిలబడింది. మూడొందల మంది ఉంటారు.

ఆ టీచర్ని, తన సొంత తల్లిని, హెల్వి పూడ్చిపెట్టిన రోజు వచ్చినవాళ్ళు ఏడుగురే.