వరుస తప్పని గోడ

ఫోన్లలో పంపిన ఉత్తరాలను ఇంటింటా గోడలే చదివి వినిపిస్తున్న రోజులవి. గవరయ్య ఇంటి గోడ మాత్రం తేదీ ప్రకారం పాతవే ముందు చదివేది. వరుస తప్పితే ఆయన ఒప్పుకోడు.

భార్య సంవత్సరీకానికి వచ్చిన మరదలు పైడమ్మ బియ్యం కడుగుతూ అడిగింది. "అక్క జీడితోటలో ఒక్కతే పడిపోయింది. నీకు కబురే పెట్టలేదా, బావా?"

"పెట్టలేదు."

పైడమ్మకు నమ్మకం కుదరలేదు. "గోడా, మా అక్క చివరి ఉత్తరం చదువు."

"గుండెల్లో నొప్పిగా ఉంది, బేగి రా," అంది గోడ. "ఆమె పంపింది ఉదయం పదింటికి. ఆయన విన్నది సాయంత్రం నాలుగింటికి."

పైడమ్మ చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. "అంతసేపూ ఏం విన్నావు బావా?"

గవరయ్య తల దించుకున్నాడు. "ముందొచ్చినవి. పెళ్లి పిలుపులు, ఎరువుల ప్రకటనలు. ఒక్కటీ వదలకుండా, చివరిదాకా విన్నాను."