మేనమామ ఒడిలో సూది

“మేనమామ ఒడిల పండుకోబెట్టకుండ పిల్లకు సూది ఎట్ల గుచ్చుతరు?” అంటూ వెంకమ్మ మంచానికి అడ్డం నిలబడింది.

మనవరాలు ఇంటి దగ్గరే పుట్టింది. ఒంటికి ఇంకా సూది తగల్లేదు. నాలుగో నాటికి పసుపుకొమ్ములా తయారైతే జగదల్‌పూర్ ఆసుపత్రికి తెచ్చారు. మడమ నుంచి రక్తం తీసి, కామెర్లు ఎంత ముదిరాయో చూడాలి. ఆలస్యమైతే మెదడుకే ముప్పు.

“మామ్మగారూ, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టేది చెవులు కుట్టేటప్పుడు కదండీ,” అంది నర్సు ప్రశాంతి. “నాలుక మీద రెండు చుక్కలు పంచదార నీళ్లు వేస్తాం. తల్లి పాలిస్తుంటే పిల్లకు నొప్పి అంతగా తెలీదు.”

“చెవైతేంది, మడమైతేంది? సూది సూదే.”

వాదనలో వంక పెట్టడానికి లేదు.

వెంకమ్మ సిగ్నల్ కోసం మేడెక్కి, బాసగూడలో ఉన్న కోడలి తమ్ముడు వీరేందర్‌కు ఫోన్ కొట్టింది. దిగి వచ్చేసరికి కోడలు శిరీష గోడవైపు తిరిగి పిల్లకు పాలిస్తోంది. అప్పటిదాకా వాదించిన ప్రశాంతి ఎందుకో మెత్తబడింది.

“రానివ్వండి మామ్మగారూ, మీ ఇష్టం,” అంది. కాసేపటికి పిల్లను కామెర్లు తగ్గించే నీలం లైటు కింద పడుకోబెట్టింది.

“లైటు నేనొద్దన్ననా?” అంది వెంకమ్మ ఉదారంగా.

సాయంత్రానికి వీరేందర్ బండి మీద దుమ్ము కొట్టుకుని వచ్చాడు. సంగతి వినగానే అతని ముఖం పాలిపోయింది.

“నాకు సూదంటే భయం సిస్టర్. ఆ సక్కెర నీళ్లు నాగ్గూడ రెండు సుక్కలెయ్యి.”

వేసింది. వెంకమ్మ కూడా నాలుక చాపింది. పక్క మంచం వాళ్లు గ్లాసు పట్టుకొచ్చారు.

పిల్లను మేనమామ ఒడిలో పెట్టారు. వీరేందర్ కళ్లు మూసుకున్నాడు. వెంకమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రశాంతి పిల్ల మడమ పట్టుకోగానే “అమ్మా” అని వీరేందర్ అరిచాడు. పిల్ల ఆవలించింది. మడమకు దూది పెట్టి పట్టీ వేశారు.

“సూసినవా సిస్టరమ్మా, కిక్కురుమనలే. మేనమామ ఒడంటే అదీ,” అంది వెంకమ్మ.

“నిజమేనండీ,” అంది ప్రశాంతి. వీరేందర్ మీసం సవరించుకున్నాడు. వార్డంతా అతన్ని మెచ్చుకుంది.

పరీక్షకు కావలసిన రక్తం మాత్రం, పొద్దున వెంకమ్మ సిగ్నల్ కోసం మేడెక్కగానే శిరీష సైగ చేస్తే, తల్లి ఒడిలో పాలు తాగుతున్న పిల్ల మడమ నుంచి ప్రశాంతి అప్పుడే తీసేసింది.