మూతపడ్డవాటి మాటేంటి?

“మేడమ్, ఎవడో మిమ్మల్ని ఉతికి ఆరేశాడు.”

లెక్చరర్ కాగితాల కట్ట ప్రొఫెసర్ బల్ల మీద పడేసి, అడక్కుండానే కుర్చీ లాక్కున్నాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. పరిశోధన పత్రికవాళ్లు రచయిత పేరు తీసేసి, అచ్చుకు పనికొస్తుందో లేదో చెప్పమని అతనికి పంపిన వ్యాసం అది.

“ఇది బయటివాళ్లకి చూపించకూడదని తెలీదూ?”

“తెలుసు. మీ శిష్యుణ్ణి, చూస్తూ ఊరుకోమంటారా?”

లాభం కోసం కాకుండా జనం కోసం వ్యాపారం ఎలా నడపాలో చెప్పే పుస్తకం ఆవిడది. అది చూసే ఊరూరా ఆడవాళ్ల చేత కొత్తగా కుట్టు కేంద్రాలు పెట్టించారు. ఇంకో ఆరు నెలల్లో ప్రభుత్వం ఆ పద్ధతినే దేశమంతటికీ విధానంగా ప్రకటించబోతోంది. సలహా సంఘానికి అధ్యక్షురాలు కూడా ఆవిడే.

“చదివి ఏం తేల్చావ్?”

“మీరు అప్పటికే ఉన్నవాటిలో నిలబడ్డ కేంద్రాలే చూసి పుస్తకం రాశారట. మూతపడ్డవాటి గడప తొక్కలేదట. మీ పుస్తకం చూసి కేంద్రాలు పెట్టిన నలభై ఊళ్లు వీడు తిరిగాడు. ముప్ఫై ఒక్క చోట తాళాలే. మిషన్లు తుప్పు పట్టాయి, ఆడవాళ్లు మళ్లీ కూలికి పోతున్నారు.”

“అబద్ధమా?”

అతను కాగితాల కట్ట వెనక్కి లాక్కున్నాడు. “అది తర్వాత సంగతి, మేడమ్. పనికిరాదని ఒక్క ముక్క రాసి పారేస్తా. లేకపోతే మీ అధ్యక్ష పదవి ఊడుతుంది.”

“ఊడనీ. ఆ కుర్చీలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది.”

“ఇరవై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది.”

“నా పుస్తకం నమ్మి కూలికి పోయినవాళ్ల బతుకు కలవలేదా మట్టిలో? చూడు, తప్పుంటే చీల్చి చెండాడు. లేకపోతే అచ్చుకి పంపు. నా మొహం చూసి రాశావంటే మాత్రం మళ్లీ ఈ గుమ్మం తొక్కకు.”

అతను మొహం మాడ్చుకుని లేచాడు. రెండు వారాలు కక్షగట్టి తప్పులు వెతికాడు. తనే బస్సెక్కి మూడు ఊళ్లకు పోయి తాళాలు చూసొచ్చాడు. వెంట్రుకంత తప్పు దొరకలేదు. పళ్లు కొరుక్కుంటూనే అచ్చు వేయమని రాసి పంపాడు.

విధానం ఖాయం చేసే సమావేశానికి వారం ముందు పత్రిక వచ్చింది. ఆవిడ పరువు తీసిన ఆ మొనగాడెవడో చూద్దామని అతను పేజీ తిప్పాడు.

రాసింది ఆవిడే.