ఝాన్సీ పెరుగు గిన్నె

పొద్దున్నే ఫ్రిజ్ తీసిన ఝాన్సీ అరలన్నీ వెతికింది. తన పేరు అంటించిన పెరుగు గిన్నె లేదు. ఏలూరులో ఇప్పుడు ఎవరి దిగులుకి, ఎవరి భయానికి తగ్గ పెరుగు వాళ్లకే ఆసుపత్రి రాసిస్తుంది. పూటకింత అది కడుపులో పడితేనే ఝాన్సీ మనసు ఒకచోట నిలుస్తుంది.

"అత్తయ్యా, నా గిన్నేదీ?"

"ఇవాళ పక్కింటి భారతి గిన్నెతోనే పట్టుకెళ్లిందే. పది రోజుల్నించీ తోడుకి కాస్త ఇస్తున్నా. వాళ్ల పిల్ల రేపటికి మిగల్చకుండా తినేస్తోందట."

"అది నా మందు అత్తయ్యా!"

"తోడడిగితే లేదంటామా?"

ఆసుపత్రి నుంచి కొత్త తోడు రావాలంటే వారం పడుతుంది. ఝాన్సీ చేతులు అప్పుడే వణుకుతున్నాయి. వంటింటికీ వాకిలికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగి, ఇక ఆగలేక పక్కింటి తలుపు దబదబా బాదింది.

తీసింది భారతి కూతురు శ్రావ్య. ఆసుపత్రి రాసిన ఏ పెరుగూ పడక, ఏడాదిగా గది దాటని పిల్ల. తల దువ్వుకుని, ఝాన్సీ గిన్నె పట్టుకుని నిలబడింది. అడుగున ఒక్క చెంచాడు మిగిలింది.

"ఇది తింటే నిద్ర పడుతోందక్కా. మీకు కావాలా?"

ఝాన్సీ చేతులు కొంగులో దాచుకుంది.

"తినెయ్యమ్మా. ఇంట్లో ఇంకా ఉంది."